కరవది జోడీ

గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లెలో వీరయ్య అనే రైతు ఉండేవాడు. నాలుగెకరాల మెట్ట, ఒక పెంకుటిల్లు, ఇంటి ముందు వేపచెట్టు, చెట్టు కింద గాడి. ఆ గాడి దగ్గర కట్టేసే రెండెడ్లలో ఒకటి మాఘమాసంలో చచ్చిపోయింది. రెండోది ముసలిదైపోయి, మెడమీద కాడి పెడితే చాలు మోకాళ్ళ మీద కూలబడుతోంది. ఏరువాక నాటికి కొత్త జోడీ కొనకపోతే పొలం బీడు పడుతుంది. మిరపకాయలమ్మిన డబ్బు 120 రూపాయలు గుడ్డలో మూటగట్టి, మొలలో దోపుకుని, ఫాల్గుణంలో ఒకనాడు వేకువనే సంతకు బయల్దేరాడు. గడప దాటుతుంటే భార్య సుబ్బమ్మ ఒకటే మాట చెప్పింది.

"మన పొలానికి సరిపోయే ఎడ్లు తే. అంతకుమించి వద్దు."

సంతలో దుమ్ము, మువ్వల చప్పుడు, పేడ వాసన. నాలుగు వరసలు తిరిగేసరికి ఒక బూడిదరంగు జోడీ దగ్గర వీరయ్య కాళ్ళు ఆగాయి. మరీ ఎత్తు కాదు, అలాగని పొట్టీ కాదు. నోరు తెరిచి చూశాడు, ఆరు పళ్ళు వేసినవి. మూపురం మీద అరచెయ్యి వేసి నొక్కాడు. కాడి రాసుకునే చోట పుండు లేదు, తోలు గట్టిపడి ఉంది. అంటే పనికి మరిగినవే. చెడ్డ సుడి ఎక్కడన్నా ఉందేమోనని ఒళ్ళంతా వెతికాడు, లేదు. నడిపించమన్నాడు. ముందుకాలు పడ్డ చోటే వెనక కాలు పడుతోంది. దళారి వచ్చి ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పాడు. తువ్వాలు కింద వేళ్ళు కాసేపు మాట్లాడుకున్నాయి. బేరం 110 దగ్గర తెగేటట్టుంది. బయానా తీయడానికి వీరయ్య మొలలో చెయ్యి పెట్టాడు.

సరిగ్గా అప్పుడే పక్కనున్న రావిచెట్టు కింద నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఈ సంతలో ఏముందయ్యా! వచ్చే సంతకు కరవది ఊరి జోడీ దిగుతోందంట."

చెప్పేది ఎర్ర తలపాగా మనిషి. చుట్టూ ఇరవైమంది. ఆ జోడీ నిలువెత్తు మనిషికి భుజాల దాకా వస్తుందట. రోజుకు మూడెకరాలు దున్ని పడేస్తుందట. పొద్దుగూకే దాకా చుక్క నీళ్ళడగదట. కొమ్ములు వెన్నెలలాగా ఉంటాయట. ధర ఎంతని ఎవరో అడిగారు. "రెండు వందలంటున్నారు" అన్నాడొకడు. "పిచ్చోడా, మూడొందలకు తక్కువైతే కట్టు విప్పరు" అన్నాడు ఇంకొకడు. ఆ జోడీని చూసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. అయినా దాని గంగడోలు ఎంత పొడుగో అందరికీ తెలుసు.

వీరయ్య చెయ్యి మొలలోంచి ఖాళీగా బయటకొచ్చింది. బూడిదరంగు ఎడ్ల వైపు మళ్ళీ చూశాడు. ఇందాక ముచ్చటగా కనిపించినవి ఇప్పుడెందుకో చిన్నవిగా కనిపించాయి. "వచ్చే సంతకు చూద్దాంలే" అని దళారికి చెప్పి తిరిగొచ్చేశాడు. ఆ సాయంత్రమే, వీరయ్య చేనుకు పక్క చేనున్న కోటమ్మ, పద్నాలుగేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, ఆ జోడీనే 108కి తోలుకుపోయింది.

చైత్రంలో సంత జరిగింది. కరవది జోడీ రాలేదు, దాని కబురు మాత్రం ఇంకా పెద్దదై వచ్చింది. సత్రం గోడమీద ఎవరో బొగ్గుతో ఆ జోడీ బొమ్మ కూడా గీశారు. మూపురాలు గుడి గోపురాల్లాగా, కొమ్ములు చంద్రవంకల్లాగా. దాన్ని చూడటానికి జనం విరగబడ్డారు. వీరయ్య మెడ నొప్పెట్టే దాకా ఆ బొమ్మ ముందు నిలబడ్డాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ధర మూడొందలని ఊరంతా ఒక్కమాటగా అంటోంది. తెల్లారి షావుకారు గుమ్మంలో కూర్చుని, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద 180 రూపాయలు తెచ్చుకున్నాడు. ఈలోగా వేసవి దుక్కి తప్పదు గనక, గింజలు కొలిచి బాడుగ ఎడ్లతో సగం చేను దున్నించాడు. మిగతా సగం కరవది జోడీ వచ్చాక దున్నుకోవచ్చని వదిలేశాడు. వైశాఖం కూడా అలాగే గడిచింది.

జ్యేష్ఠంలో జోడీ నిజంగానే వచ్చింది.

అబద్ధమెందుకు చెప్పాలి, మంచి ఎడ్లే. తెల్లగా ఉన్నాయి, ఎత్తుగానే ఉన్నాయి. కొమ్ములు మాత్రం గోడమీద ఉన్నట్టు చంద్రవంకల్లాగా లేవు, అన్ని ఒంగోలు ఎడ్లకూ ఉండేటట్టు పొట్టిగానే ఉన్నాయి. తొట్టి దగ్గరకు తీసుకెళితే అన్ని ఎడ్లలాగే నీళ్ళు తాగాయి. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అందరూ ధర కోసం ఊపిరి బిగపట్టి ఉన్నారు. ఆసామి తువ్వాలు కప్పమనలేదు. అందరికీ వినపడేటట్టు, "రెండు వందలు, ఒకటే మాట" అన్నాడు.

జనం ఒక్కసారి "అబ్బ!" అన్నారు. మూడొందలనుకుంటే రెండొందలే! ఇంకెవరన్నా ముందుకొస్తారేమోనని వీరయ్య ఎగిరి వెళ్ళి పలుపుతాడు పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సుబ్బమ్మ ఎడ్ల కాళ్ళకు పసుపునీళ్ళు పోసి, దిష్టి తీసి, గాడిలో జొన్నచొప్ప వేసి, అప్పుడడిగింది.

"ఎంతకిచ్చారు?"

"రెండు వందలే! మూడొందలంటారనుకున్నాం గదా. నూరు రూపాయలు మిగిలింది."

సుబ్బమ్మ చెయ్యి గాడిమీదే ఆగిపోయింది.

"ఏం మిగిలిందయ్యా? మన మూటలో ఉన్నది నూట ఇరవై. అదంతా పోయింది. పైన ఇంకో ఎనభై షావుకారు డబ్బు పోసినావు. నీ చేతిలో ఉన్న ఆ నూరు కూడా షావుకారుదే. మిగిలిందంటే ఏంది మిగిలింది?"

వీరయ్య దగ్గర జవాబు లేదు. మూడు నెలలుగా మూడొందలన్న మాట చెవిలో మోగీ మోగీ, తన మూటలో ఎంతుందో అతను మరిచిపోయాడు.

మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డ మర్నాడే కోటమ్మ చేలో గొర్రు కదిలింది. కొడుకు పగ్గాలు పట్టుకున్నాడు, బూడిదరంగు ఎడ్లు తలవంచుకుని సాలు తప్పకుండా నడిచాయి. వీరయ్య సగం చేను ఇంకా పెళ్ళలు పెళ్ళలుగానే ఉంది. కొత్త ఎడ్లు మేపుమీద పెరిగినవి, కాడికి మరిగేసరికి పదిరోజులు పట్టింది. అతను సజ్జలు చల్లేసరికి పక్క చేలో మొలకలు జానెడయ్యాయి.

ఏడాది తిరిగింది. పలుపుతాళ్ళు కొనడానికి వీరయ్య మళ్ళీ సంతకెళ్ళాడు. అదే రావిచెట్టు, అదే ఎర్ర తలపాగా. ఈసారి ఇంకో జోడీ రాబోతోందట. పోయినేటి కరవది జోడీ దాని ముందు దూడలట. వింటూ ఉండగానే వీరయ్యకు ఇంటి దగ్గరున్న తన ఎడ్లు గుర్తొచ్చాయి. మొన్నటిదాకా కళ్ళకద్దుకున్న ఎడ్లు మనసులోనే కాస్త మాసిపోయినట్టనిపించింది. ఆ మాసిపోవడమే అతన్ని ఉలిక్కిపడేలా చేసింది. తిన్నగా వెళ్ళి తలపాగా మనిషి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఆ జోడీని నువ్వు చూసినావా?"

"నేనెక్కడ చూస్తాను? కొమ్ములకు కుప్పెలు పోసే కంచరి చెప్పినాడు."

వీరయ్య కంచరిని వెతుక్కుంటూ వెళ్ళాడు. కొలిమి పక్కన కూర్చున్న ఆ ముసలాయన మైనపు అచ్చు ఒకటి తీసి అరచేతిలో పెట్టాడు. బొటనవేలు దూరేంత బొక్క.

"నాకు తెలిసింది ఇంతే నాయనా. కొమ్ము కొస ఇంత లావుంటుంది, దీనికి సరిపోయే కుప్పెలు కావాలన్నారు. ఆ ఎద్దు తెల్లదో నల్లదో కూడా నాకు తెలీదు."

వీరయ్య ఆ అచ్చును కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. రెండు పలుపుతాళ్ళు మాత్రం కొనుక్కుని పొద్దుండగానే ఇల్లు చేరాడు.

నీతి: చూడని ఎద్దుకు ఊరు కట్టిన ధర వింటూ కూర్చుంటే మన మూట బరువు మనకే గుర్తుండదు.

ఆ రావిచెట్టు ఇప్పుడు మన అరచేతిలోకి వచ్చింది. దాదాపు ఏటా సెప్టెంబరులో కొత్త ఐఫోన్లు వస్తాయి, ఏడాది మొదట్లో శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరస ఫోన్లు వస్తాయి. అవి రావడానికి ఆరేడు నెలల ముందు నుంచే వాటి కెమెరా, బ్యాటరీ, రంగు, ధర గురించి కబుర్లు మొదలవుతాయి. ఆ కబుర్లన్నీ గాలి కబుర్లని నేననను. కంచరి చెప్పింది అబద్ధం కాదు గదా. ఫోన్ల లోకంలోనూ కంచరి ఉన్నాడు. ఫోను విడుదలయ్యే రోజుకే కవర్లు అమ్మాలంటే వాటిని తయారుచేసేవాళ్ళకు కొలతలు ముందే కావాలి. అందుకే ఫ్యాక్టరీల వైపు నుంచి నమూనా గీతలు బయటకొస్తాయి, వాటిని బట్టి లోహపు డమ్మీలు తయారవుతాయి, ఆ గీతల మీదే రంగుల బొమ్మలు పుడతాయి. ఆ బొమ్మలో నిజంగా ఉండేది పొడవు, మందం, కెమెరాకు వదిలిన బొక్క. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో, రాత్రిపూట ఫోటో ఎలా పడుతుందో, ధర ఎంతో ఆ బొక్కలోంచి కనపడదు. అవన్నీ రావిచెట్టు కింద కలిపినవే.

ఒక్కోసారి కంచరి కూడా మోసపోతాడు. 2011లో రాబోయే ఐఫోన్ వెనకవైపు కిందికి పోనుపోను సన్నబడుతుందని అందరూ అన్నారు, కొందరు ఆ కొలతలకు కవర్లు కూడా తయారుచేసేశారు. తీరా అక్టోబరు 4న వచ్చింది ఐఫోన్ 4ఎస్, దాదాపు పాత ఐఫోన్ 4 ఒంటితోనే. కొన్నిసార్లు కబురు నిజమే అవుతుంది గాని కాలం తప్పుతుంది. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే సౌకర్యం 2021లో ఐఫోన్ 13లో వస్తుందన్నారు, అది 2022లో ఐఫోన్ 14తో వచ్చింది. కొన్నిసార్లు చెప్పినవాడే మాట వెనక్కి తీసుకుంటాడు. ఐఫోన్ 15 ప్రోలో నొక్కితే కదలని మీటలుంటాయని 2022 అక్టోబరులో చెప్పింది మింగ్‌చీ క్వో, ఈ రంగంలో అందరూ నమ్మే విశ్లేషకుడు. 2023 ఏప్రిల్లో ఆయనే అవి రావడంలేదన్నాడు. ఆ ఆరునెలలు వాటికోసం ఎదురుచూసినవాళ్ళకు ఆ కాలాన్ని ఎవరూ తిరిగివ్వలేదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ధర కబురు. లక్షణాల కబురు తప్పయితే నష్టం కొంతే. ధర కబురు తప్పయినా, ఒప్పయినా మన బుర్రలో ఒక అంకెను పాతేసి పోతుంది. దీన్ని వేదిక మీదే చూపించిన సందర్భం ఒకటుంది. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్ టాబ్లెట్‌ను మొదటిసారి చూపించాడు. అంతకుముందు నుంచే దాని ధర వెయ్యి డాలర్ల దగ్గర ఉంటుందని ప్రచారం. ఆయన ఆ 999నే వెనకనున్న పెద్ద తెరమీద చాలాసేపు ఉంచి, తర్వాత దాన్ని పడగొట్టి 499 అని చూపించాడు. హాలంతా చప్పట్లు. 499 డాలర్లు ఎక్కువా తక్కువా అని ఆ క్షణంలో ఎవరు ఆలోచిస్తారు? 999తో పోల్చి చూసి, మిగిలిందనుకుంటారు. "మూడొందలనుకుంటే రెండొందలే!" అన్న సంతలోని కేక అదే.

మన దేశంలో దీనికి ఇంకో చిక్కుంది. డాలర్ల ధర ఎంతో ముందే తెలిసిపోయినా రూపాయల ధర దాన్నిబట్టి చెప్పలేం. 2023లో ఐఫోన్ 15 ప్రో అమెరికాలో 999 డాలర్ల నుంచి మొదలైంది. అప్పటి మారకం లెక్కన అది సుమారు 83,000 రూపాయలు. ఇక్కడ పెట్టిన ధర 1,34,900. ఆ ఏడాది దిగుమతి ఫోన్లమీద కస్టమ్స్ సుంకం 20 శాతం ఉండేది, పైన 18 శాతం జీఎస్టీ. 2024 జూలై బడ్జెట్లో సుంకం 15 శాతానికి తగ్గింది. ఆ సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 16 ప్రో ధర 1,19,900, అంటే ముందటి ప్రో విడుదలైనప్పటి ధరకంటే 15,000 తక్కువ. 2025 జనవరిలో గెలాక్సీ ఎస్25 అల్ట్రా వచ్చేముందు కొత్త చిప్ ఖరీదైనదనీ, ధర పెరుగుతుందనీ గట్టిగా వినిపించింది. తీరా విడుదల ధర 1,29,999, అంతకుముందు ఏడు ఎస్24 అల్ట్రాకు పెట్టిన ధరే. పెరగలేదు గదా అని సంబరపడి కొన్నవాళ్ళు ఎందరో! పెరగకపోవడం వేరు, మన దగ్గర అంత డబ్బు ఉండటం వేరు.

షావుకారు కూడా ఎక్కడికీ పోలేదు. వడ్డీ లేని వాయిదాలనే బోర్డు చూడగానే మనకు ధైర్యమొస్తుంది. వడ్డీ లేని అప్పనేది నిజానికి లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, ఆ వడ్డీ మేరకు ధరలో ముందే తగ్గించి చూపిస్తారు, క్రెడిట్ కార్డు వాయిదాల్లో వడ్డీమీద పడే 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టుకుంటాం.

ఎదురుచూడటమే తప్పని చెప్పడంలేదు. సంత ఏ రోజో తెలిసి ఆగడం వేరు, రావిచెట్టు మాట విని ఆగడం వేరు. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 వచ్చిన రోజునే ఐఫోన్ 15 ధర 79,900 నుంచి 69,900కి దిగింది. అలా దిగడం అప్పటికే ఏళ్ళ తరబడి ఉన్న ఆనవాయితీ. ఆగస్టులో ఫోను కొనాలనుకున్నవాడు ఒక నెల ఆగితే అది తెలివైన పని, ఎందుకంటే అతను ఆగింది కళ్ళముందున్న బూడిదరంగు ఎడ్ల కోసం. చేతిలో ఉన్న ఫోను ముసలిదైపోయిందన్న బెంగ కూడా చాలామందికి కబుర్లవల్ల పుట్టినదే. గెలాక్సీ ఎస్24 వరసకూ, గూగుల్ పిక్సెల్ 8కీ ఏడేళ్ళపాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లిస్తామని ఆ సంస్థలే మాటిచ్చాయి. ఏడేళ్ళు పనిచేసేదాన్ని రెండో ఏడే దూడలాగా చూడటం దానికి చేసే అన్యాయం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా మేనల్లుడు విజయవాడలో చిన్న ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడే వాడి ఫోను తెర కిందిమూల పగిలి ఉంది, మీద సెల్లోటేపు అంటించుకున్నాడు. "బాగుచేయించరా" అంటే, "ఇంకెన్నాళ్ళు మామయ్యా, సెప్టెంబరులో కొత్తది వస్తోంది, కెమెరా అదిరిపోతుందంట" అన్నాడు. వినాయక చవితికి వచ్చేసరికి ఆ టేపు మురికిపట్టి నల్లగా అయిపోయింది, చూపుడువేలు కొసన చిన్న కోత. పగిలింది సరిగ్గా ఫోనెత్తడానికి వేలు పెట్టే చోట. వాళ్ళమ్మ ఫోను మోగుతూ ఉంటుంది, వాడు వేలితో రుద్దుతూ ఉంటాడు, మూడోసారో నాలుగోసారో తప్ప పలకదు. మా చెల్లెలు ఎనిమిది నెలలుగా, కొడుక్కి తనతో మాట్లాడే తీరిక లేదనుకుంటోంది. వాడి జీతం 35,000. వాడి బుర్రలో ఉన్న అంకె 1,35,000.

మర్నాడు వాణ్ణి ఊళ్ళో రిపేరు కొట్టుకు తీసుకెళ్ళాను. తెర మార్చడానికి ముప్పావుగంట పట్టింది, 4,000 రూపాయలయింది. కొట్లోంచి బయటకు రాకముందే వాళ్ళమ్మ ఫోను వచ్చింది. మొదటి మోతకే ఎత్తాడు.

మీ ఇంట్లోనూ టేపు అంటించిన ఫోనుతో రాబోయేదాని కోసం ఎదురుచూస్తున్న పిల్లలుంటే, వచ్చే ఆదివారం వాళ్ళను ముందు రిపేరు కొట్టుకు తీసుకెళ్ళండి.